మామిడిపండు సాల్సా: ముక్క శనగగింజంత, ఉప్పు ఆఖర్న

మాది నూజివీడు. పండిన మామిడిలో ఉల్లిపాయ ముక్కలు కలుపుతారని ఎవరైనా చెబితే మా తాత ఆ మనిషిని తోట గేటు దాటనిచ్చేవాడు కాదు. నేనూ ఆ తోటలో పెరిగినవాణ్ణే. 2014 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో వెళ్ళి, యూనివర్సిటీ క్యాంటీన్ వంటింట్లో వారానికి 20 గంటల పనికి కుదిరాను. మొదటి వారంలోనే ఒక పెద్ద స్టీలు బేసిన్‌లో మామిడి ముక్కలు, ఎర్ర ఉల్లిపాయ, కొత్తిమీర కలిసి కనబడ్డాయి. ఎవరో చెయ్యి జారి కలిపేశారు పాపం అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆ బేసిన్ నింపింది నేనే.

అక్కడ కోత పనులన్నీ చూసే ఆవిడది మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం. అరవైకి దగ్గరపడిన మనిషి. అందరం ఆవిణ్ణి డోన్యా అనేవాళ్ళం, మన 'అమ్మగారు' లాంటి పిలుపు. నన్ను మీహో అనేది, 'నాయనా' అన్నట్టు. ఆవిడకి ఇంగ్లీషు నాకంటే తక్కువ వచ్చు, ఓపిక ఇంకా తక్కువ. మొదటి రోజు నేను కోసిన మామిడి ముక్క ఒకటి తీసి మొక్కజొన్న చిప్ మీద పెట్టింది. చిప్ అంచు విరిగి ముక్క బల్ల మీద పడింది. నా వైపు చూసి, ఇంకో చిప్ తీసి, మళ్ళీ అదే చేసింది. మళ్ళీ పడింది. ఒక్క మాట కూడా అనలేదు. నేను వెళ్ళి ఆ ముక్కలన్నీ మళ్ళీ చిన్నగా కోశాను.

ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటున్నాం. ఎండాకాలం ఎవరింటికి భోజనానికి పిలిచినా "ఆ సాల్సా పట్టుకురా బాబూ" అంటారు. ఎలా చేయాలని అడిగినవాళ్ళకి ఫోన్‌లో చెబుతూనే ఉన్నాను, వాళ్ళు మిక్సీలో వేస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి వివరంగా రాస్తున్నాను.

సాల్సా అంటే స్పానిష్‌లో సాస్ అనే అర్థం, అంతే. ఉడికించి చేసేవి ఉన్నాయి, రాతి రోట్లో నూరేవి ఉన్నాయి, పచ్చివి కోసి కలిపేవి ఉన్నాయి. టమాటా, ఉల్లిపాయ, మిర్చి కోసి కలిపితే పీకో దె గాయో. కోడిపుంజు ముక్కు అని ఆ పేరుకి అర్థం. డోన్యా వాళ్ళ వైపు మాత్రం అదే పేరుతో పళ్ళు కూడా కలుపుతారట: నారింజ తొనలు, కీరా, హీకమా అనే తెల్లటి దుంప, వాటి మీద కారం, నిమ్మరసం. హీకమా కొరికితే ముల్లంగిలా కరకరలాడుతుంది, ఘాటు ఉండదు. బండి దగ్గర జామకాయకి ఉప్పుకారం రాయించుకుని తినే మనకి ఇందులో పెద్ద వింతేమీ లేదు. మనం దోరకాయ దగ్గర ఆగిపోతాం, వాళ్ళు పండు దాకా వెళ్తారు.

మన వంటల్లో దీనికి దగ్గర చుట్టాన్ని చెప్పమంటే దోసకాయ ముక్కల పచ్చడి అంటాను, పోపు తీసేసి. పోపు నిజంగానే తీసేయండి. నేను ఒకసారి పెట్టి చూశాను. వేడి నూనె తగిలిన మామిడి ముక్క పైన మెత్తబడి, ఆవాలు పంటికింద పడి, అది ఏ దేశపు వంటా కాకుండా పోయింది.

పండు సంగతి

అమెరికాలో ఉంటే అటావుల్ఫో రకం కొనండి. మెక్సికోలో దక్షిణాన ఉన్న చియాపాస్ రాష్ట్రంలో పుట్టిన రకం. చిన్నగా, పసుపుపచ్చగా, ఒక పక్కకి వంగినట్టు ఉంటుంది. పీచు దాదాపు ఉండదు, టెంక పల్చగా ఉంటుంది. షాపుల్లో హనీ మ్యాంగో అనీ, షాంపేన్ మ్యాంగో అనీ రాసి అమ్మేది కూడా ఇదే. మార్చి నుంచి జూలై దాకా బాగా దొరుకుతుంది. ఆ తర్వాత కెంట్ వస్తుంది, పెద్దది, ఆకుపచ్చగానే పండుతుంది, అదీ బాగుంటుంది. ఏడాది పొడుగునా ఎర్రగా నిగనిగలాడుతూ కనబడే టామీ అట్కిన్స్‌ని మాత్రం రంగు చూసి కొనకండి. ఎంత దూరం పంపినా చెడదని దాన్ని అంతగా పండిస్తారు. లోపల పీచు. చాకు కింద ముక్క తెగదు, చిరుగుతుంది.

తమాషా ఏమిటంటే ఈ టామీ అట్కిన్స్ ఫ్లోరిడాలో హేడెన్ అనే చెట్టు గింజ నుంచి వచ్చింది. ఆ హేడెన్‌కి తల్లి ముల్గోబా, 1889లో మన దేశం నుంచి ఫ్లోరిడా వెళ్ళిన రకం. అంటే నేను తిట్టుకునేది మనవాళ్ళ మనవరాలినే.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మా ఊరి మాట. మామిడిలో కోత రకాలు వేరు, రసం రకాలు వేరు. చిన్నరసం, పెద్దరసం పిసుక్కుని తాగాల్సినవి. వాటిని సాల్సాకి కోయబోతే చేతికి పీచూ రసమే మిగులుతాయి. బంగినపల్లి అయితే శ్రేష్ఠం, ముక్క అంచులు నిలబడతాయి. ఎవరూ పట్టించుకోని ఇంకో కాయ ఉంది, కలెక్టర్ కాయ, అదే తోతాపురి. దోరగా ఉన్నప్పుడు కోస్తే పులుపూ తీపీ సగం సగం ఉండి, ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఇక్కడ డల్లాస్‌లో కూడా సీజన్‌లో బంగినపల్లి విమానంలో వస్తుంది. 2007 నుంచి మన మామిడిని అమెరికాలోకి రానిస్తున్నారు, రేడియేషన్ పెట్టిన తర్వాత. కానీ ఆ బాక్సు ధర చూశాక దానిలో ఉల్లిపాయ కలిపే ధైర్యం నాకు లేదు. అది పెరుగన్నంలోకే.

ఎంత పండాలి అన్నది ముఖ్యం. ఊరికే తినడానికి అటావుల్ఫో తొక్క మీద ముడతలు వచ్చేదాకా ఆగాలి. సాల్సాకి అంత దాకా ఆగొద్దు, ఒకటి రెండు రోజులు ముందే కోయాలి. బొటనవేలితో నొక్కితే మన ముక్కు కొస నొక్కినట్టు ఉండాలి, చెవి తమ్మెలా జారిపోకూడదు. తొడిమ దగ్గర వాసన రావాలి. వాసన రాకుండా గట్టిగా ఉంటే కాగితం సంచిలో వేసి మూతి మడిచి వంటగట్టు మీద పెట్టండి, లేదా మన పద్ధతిలో బియ్యం డబ్బాలో. గట్టి కాయని ఫ్రిజ్‌లో పెడితే ఇక సరిగ్గా పండదు. పండాక పెట్టుకోవచ్చు.

ఏమేం కావాలి

నలుగురైదుగురికి సరిపడా చెబుతాను. అటావుల్ఫో పళ్ళు మూడు, లేదా ఒక పెద్ద బంగినపల్లి. ముక్కలు రెండు కప్పుల పైచిలుకు రావాలి. చిన్న ఎర్ర ఉల్లిపాయలో సగం. ఒక హాలపీన్యో మిర్చి. గుప్పెడు కొత్తిమీర. రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం. అర టీస్పూన్ ఉప్పు, అది కూడా మొత్తం పట్టకపోవచ్చు. కావాలంటే ఎర్ర క్యాప్సికం పావు ముక్క, రంగుకీ కరకరకీ. వెల్లుల్లి, జీలకర్ర, పంచదార, చాట్ మసాలా ఏవీ వద్దు. చాట్ మసాలా వేస్తే బాగుంటుంది, అబద్ధమెందుకు, కానీ అప్పుడది ఫ్రూట్ చాట్.

నిమ్మకాయ గురించి ఒక మాట. అమెరికా షాపుల్లో లైమ్ అని అమ్మే పెద్ద పచ్చకాయ పర్షియన్ లైమ్. మెక్సికోలో వాళ్ళింట్లో వాడేది చిన్నది, పల్చటి తొక్కది, పుల్లగా ఘాటుగా ఉండేది. అది మన నిమ్మకాయే. కాబట్టి ఈ ఒక్క విషయంలో హైదరాబాద్‌లో చేసేవాళ్ళే అసలు రుచికి దగ్గరగా ఉన్నట్టు. పర్షియన్ అయితే ఒకటి చాలు, మన నిమ్మకాయలు చిన్నవైతే రెండు.

ముందు ఉల్లిపాయ

అందరూ మామిడితో మొదలుపెడతారు. డోన్యా ఉల్లిపాయతో మొదలుపెట్టేది, ఎందుకంటే దానికి టైమ్ కావాలి. సన్నగా, పెసరగింజంత ముక్కలు కోసి పది నిమిషాలు చల్లటి నీళ్ళలో వేయండి. పచ్చి ఘాటు దిగుతుంది. నీళ్ళు పూర్తిగా వంపేసి, గిన్నెలో నిమ్మరసం పోసి, అందులో ఉల్లిపాయ వేసి పక్కన పెట్టండి. మీరు మామిడి కోయడం అయ్యేసరికి ఉల్లిపాయ గులాబీ రంగుకి తిరిగి ఉంటుంది. ఈ పని చేయకపోతే అరగంట తర్వాత మామిడి రుచి మాయమై, ఉల్లిపాయ ఒక్కటే మాట్లాడుతూ ఉంటుంది.

మిర్చి, ఒక కన్నీటి గాథ

మిర్చి నువ్వుగింజంత ఉండాలి. నాలుక మూలకి ఒక్కసారిగా పెద్ద ముక్క తగలడం మన ఇంట్లో సరదాగా ఉంటుందేమో, అతిథులకి బాగోదు. హాలపీన్యోని నిలువునా చీల్చితే మధ్యలో తెల్లటి పొర కనబడుతుంది. కారమంతా ఆ పొరలోనే ఉంటుంది. గింజలకి కారం ఆ పొరని అంటుకుని ఉండటం వల్ల వస్తుంది. పొర, గింజలు చెంచాతో గీరేస్తే చిన్నపిల్లలు కూడా తినగలరు. సగం పొర ఉంచితే మనవాళ్ళకి సరిపోతుంది.

కాయని బట్టి కారం మారిపోతుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో హాలపీన్యో 2,500 నుంచి 8,000 దాకా ఉండొచ్చు, సెరానో 10,000 దాటుతుంది, హబనేరో లక్ష పైన. అందుకని కోసిన ముక్క ఒకటి నాలుక మీద పెట్టుకుని చూడకుండా గిన్నెలో వేయొద్దు. హబనేరో కలిపే పచ్చి సాల్సా ఒకటి మెక్సికోలోని యుకటాన్ వైపు ఉంది, మాయా భాషలో ష్నిపెక్ అంటారు. కుక్క ముక్కు అని అర్థం. తింటే మన ముక్కు కూడా అలాగే తడిగా అవుతుందన్నమాట.

నేను ఆంధ్రావాణ్ణి, నాకు మిర్చి ఒక లెక్కా అనుకుని మొదటి నెలలో గ్లవ్స్ లేకుండా రెండు కిలోల హాలపీన్యో కోశాను. కోస్తున్నంతసేపూ ఏమీ కాలేదు. సబ్బుతో చేతులు కడుక్కున్నాను కూడా. రాత్రి రూముకెళ్ళి కళ్ళల్లోంచి కాంటాక్ట్ లెన్స్ తీయబోయాను. మా రూమ్మేట్ నా కేకకి బాత్రూమ్‌లో ఏదో పేలిందనుకున్నాడు. మర్నాడు డోన్యాకి చెబితే జాలిపడుతుందనుకున్నా, వంటింట్లో ఉన్న అందర్నీ పిలిచి మరీ చెప్పించింది. మిర్చిలో మండించే పదార్థం నీళ్ళకి కరగదు, నూనెకి కరుగుతుంది. చేతులకి ముందు వంటనూనె రాసి రుద్ది, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడుక్కోండి. అసలు గ్లవ్స్ వేసుకోండి.

ఆ రోజే ఆవిడతో చిన్న వాదన కూడా అయింది. మిర్చి మా గుంటూరుది అన్నాను నేను. మామిడి మా మెక్సికోది అంది ఆవిడ. ఇద్దరం పొట్టేళ్ళలా నిలబడ్డాం. మిర్చి పుట్టింది వాళ్ళ వైపు, పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద మన దగ్గరికి వచ్చింది. మామిడి పుట్టింది మన వైపు. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య స్పానిష్ ఓడలు తిరిగాయి, ఆ దారిన మామిడి మెక్సికో చేరింది. అక్కడ ఒక రకాన్ని ఇప్పటికీ మనీలా అనే అంటారు. రాత్రి ఇంటికెళ్ళి ఇదంతా చదివి మర్నాడు చెప్పాను. "అయితే మీ కాయ మేం బాగా చూసుకున్నాం, మా కాయ మీరు బాగా చూసుకున్నారు, ఇక కొయ్యి" అంది.

ఇండియాలో చేసేవాళ్ళకి ఒక కిటుకు. హాలపీన్యో కండ మందంగా ఉంటుంది, కారంతో పాటు కరకర కూడా ఇస్తుంది. మన పచ్చిమిర్చికి కండ లేదు, కారమే. కాబట్టి బజ్జీ మిర్చి ఒకటి సన్నగా కోసి, దానికి పచ్చిమిర్చి ఒక్కటి తోడు వేయండి. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది.

ఇక మామిడి

పండు కడిగి, తొడిమ దగ్గర ఉన్న సొన తుడవండి. చిన్నప్పుడు తోటలో సొన తగిలి మూతి పొక్కని పిల్లలు మా ఊళ్ళో ఉండరు. ఇక్కడ పాయిజన్ ఐవీ అనే తీగ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళకి మామిడి తొక్క కూడా పడకపోవచ్చు. రెండింట్లోనూ ఒకే రకం పదార్థం ఉంది. అలాంటి వాళ్ళు కోసే పని ఇంకొకరికి అప్పగించడం మంచిది.

చెంపలు కోసి, తొక్క మీదే గళ్ళు గీసి, వెనక్కి తిప్పి ముళ్ళపందిలా చేసే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది. ముక్కలు మాత్రం ఒకటి లావు, ఒకటి సన్నం, అడుగున చిరుగు. డోన్యా దాన్ని చూస్తే తల అడ్డంగా తిప్పేది. ఆవిడ పద్ధతి ఇది. ముందు పీలర్‌తో తొక్క మొత్తం తీసేయాలి. పండు జారిపోతుంది కాబట్టి కింద పేపర్ టవల్ మడత పెట్టుకోవాలి. తొడిమ వైపు కొంచెం కోసి చదును చేసి, ఆ చదును మీద పండుని నిలబెట్టాలి. టెంక బల్లపరుపుగా ఉంటుంది, దాని వెడల్పు ఎటు ఉందో చేత్తో తెలుస్తుంది. దాన్ని ఒరుసుకుంటూ పైనుంచి కిందికి చాకు దించితే ఒక చెంప ఊడి వస్తుంది. రెండో వైపూ అంతే. చాకు టెంకకి తగిలి గరగరమంటే కొంచెం బయటికి జరపాలి.

చెంపని చదునైన వైపు కిందికి పెట్టి, పావు అంగుళం మందంతో పలకల్లా కోయాలి. రెండు మూడు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి పుల్లల్లా కోయాలి. ఆ పుల్లల్ని పక్కకి తిప్పి అడ్డంగా కోస్తే శనగగింజంత ముక్కలు. చాకుని కిందికి అదమకూడదు, ముందుకి లాగుతూ కోయాలి. అదిమితే ముక్కకి అంచు ఉండదు, రసం బోర్డు మీదే కారిపోతుంది. చాకు పదును లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. బోర్డు తడిసి మెరుస్తోందంటే చాకు మొద్దుబారిందని, లేదా పండు మరీ పండిందని. మరీ పండితే లస్సీ చేసుకోండి, ఇంకో పండు తీసుకోండి.

మామిడి శనగగింజంత, ఉల్లిపాయ పెసరగింజంత, మిర్చి నువ్వుగింజంత అని నేను ఎందుకింత చాదస్తంగా చెబుతున్నానంటే, ఒక చిప్‌తో ముంచితే కొత్తిమీరతో కలిపి నాలుగూ ఆ ఒక్క ముద్దలో రావాలి. మామిడి పెద్దదైతే చిప్ మీద అదొక్కటే కూర్చుంటుంది. మరీ చిన్నదైతే జావ.

టెంక చుట్టూ మిగిలిన గుజ్జు కోసినవాడిది. క్యాంటీన్‌లో జీతం మీద అదనంగా వచ్చింది అదొక్కటే.

కలపడం

కొత్తిమీర కడిగి బాగా ఆరబెట్టండి. తడి కొత్తిమీర కోస్తే నలిగి నల్లబడి, ముక్కలకి అట్టలా అంటుకుంటుంది. లేత కాడలు పారేయకండి, వాసన అక్కడే ఎక్కువ. చాకు ఒకసారి పోనిచ్చి వదిలేయండి, మళ్ళీ మళ్ళీ తరగొద్దు.

నిమ్మరసంలో నానుతున్న ఉల్లిపాయలో మిర్చి వేసి తిప్పండి. మామిడి ముక్కలు వేయండి, పైన కొత్తిమీర. గరిటెతో కలపొద్దు. సిలికాన్ గరిటె ఉంటే అడుగు నుంచి పైకి ఎత్తి మడతపెట్టినట్టు నాలుగైదు సార్లు తిప్పితే చాలు. ఇలా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఉప్పు ఇంకా వేయలేదు. వడ్డించే ముందు వేయాలి. ఇది ఎలా నేర్చుకున్నానో చెబుతాను. పని మానేసి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మా అపార్ట్‌మెంట్‌లో పాట్‌లక్ పెట్టారు, అంటే తలా ఒక వంట చేసి తెచ్చే విందు. పొద్దున్నే హడావుడి ఎందుకని రాత్రే అన్నీ కోసి, ఉప్పు సహా కలిపి, మూతపెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే గిన్నెలో సగం దాకా పసుపు నీళ్ళు, అందులో ఈదుతున్న వాడిపోయిన ముక్కలు. ఉప్పు ముక్కలో నీటిని బయటికి లాగేస్తుంది, మనం ఊరగాయకి కావాలని చేసే పనే. ఏం చేస్తాం, అదే పట్టుకెళ్ళాను. ఒకాయన ప్లాస్టిక్ గ్లాసులో పోసుకుని తాగి, "జ్యూస్ బాగుందండీ, కాస్త కారం ఎక్కువైంది" అన్నాడు.

రాత్రే పని తెమల్చుకోవాలంటే కోసినవి విడివిడిగా డబ్బాల్లో పెట్టుకోండి. పొద్దున కలిపి, తినేముందు ఉప్పు వేయండి. ముందు పావు టీస్పూన్ వేసి, రుచి చూసి, మిగతాది. రుచి చూసేటప్పుడు చెంచాతో చూడకండి. ఏ చిప్‌తో తినబోతున్నారో ఆ చిప్‌తో ముంచి చూడండి, ఎందుకంటే చిప్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది. పండు మరీ తియ్యగా ఉంటే ఇంకాస్త నిమ్మరసం. పండు పుల్లగా ఉంటే పంచదార వైపు వెళ్ళకండి, చిటికెడు ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఆగితే తీపి పైకి తేలుతుంది. అవకాడో వేయాలనుకుంటే అన్నింటికంటే ఆఖర్న, పళ్ళెంలో పెట్టాక.

మామిడి లేని రోజుల్లో

శాన్ ఆంటోనియోకి దక్షిణంగా పొటీట్ అని చిన్న ఊరుంది, స్ట్రాబెర్రీలకి పేరు. ఏప్రిల్‌లో అక్కడ స్ట్రాబెర్రీ పండగ కూడా చేస్తారు. ఆ సీజన్‌లో డోన్యా స్ట్రాబెర్రీతో చేసేది, ఉల్లిపాయ సగానికి తగ్గించి. మే నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు పీచ్ పళ్ళు వస్తాయి. గట్టిగా ఉన్న పీచ్‌తో చేసినది మామిడి దానికంటే బాగుంటుందని మా ఆవిడ అంటుంది. నూజివీడు వాడిగా నేను ఆ మాట విననట్టే ఉంటాను.

అనాసపండు అయితే పచ్చిగా కాకుండా, చక్రాలు కోసి వేడి పెనం మీద రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చి చల్లార్చి కోయండి. పచ్చి అనాసలో ఉండే ఎంజైమ్ వల్ల నాలుక చురుక్కుమంటుంది, కాలిస్తే అది పోతుంది. పుచ్చకాయ నీళ్ళ మనిషి, ముక్కలు జల్లెడలో పావుగంట వడకట్టకుండా వాడొద్దు. దోరజామ బ్రహ్మాండంగా ఉంటుంది, గింజలు తీసేస్తే. సపోటా, అరటి వద్దు.

ఇక్కడి పిల్లల పుట్టినరోజుల్లో ఇంకో రకం కనబడుతుంది, ఉల్లిపాయ, మిర్చి లేకుండా. స్ట్రాబెర్రీ, యాపిల్, కివీ సన్నగా కోసి, కొంచెం నిమ్మరసం, చెంచాడు జామ్ కలుపుతారు. దాంతో తినడానికి టార్టియా అనే పల్చటి మైదా రొట్టెని ఎనిమిది ముక్కలు చేసి, వెన్న రాసి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పది నిమిషాలు కాలుస్తారు. సెల్సియస్‌లో 175. మా పాపకి సాల్సా అంటే ఇదే.

దేంతో తినాలి, ఎంతసేపు ఉంచాలి

మొక్కజొన్న చిప్స్‌తో సరే. చేపల టాకోలో (టార్టియా మడతలో చేప పెట్టింది), కాల్చిన చికెన్ మీద ఇంకా బాగుంటుంది. మన చేపల వేపుడు పక్కన నిమ్మచెక్క, ఉల్లిపాయ బదులు ఇది పెట్టి చూడండి. 2022 వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఒక గిన్నె చేసి, చిప్స్ ఎదురుగా పెట్టాను. అమ్మ చిప్స్ పక్కకి జరిపి, పెరుగన్నం కలుపుకుని, దాంతో నంజుకుంది. "మామిడిపండుకి ఉల్లిపాయ ఏంటిరా" అని అడుగుతూనే రెండోసారి వడ్డించుకుంది. తాత ఉంటే ఏమనేవాడో అన్నాను. "ఉప్పు తక్కువైందనేవాడు" అంది.

బయట పెడితే రెండు గంటలకి మించి ఉంచకండి. టెక్సాస్ ఎండలో, అంటే 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున ఆరుబయట అయితే గంటే. పెద్ద గిన్నెలో ఐసు వేసి, అందులో సాల్సా గిన్నె కూర్చోబెడితే తినడానికీ చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అదీ మొదటి రోజు రుచి ఉండదు. సీసాలో పట్టి నిలవ ఉంచే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. ఆవకాయకి ఉన్నంత ఉప్పూ నూనే దీనికి లేవు.

తిన్నాక గిన్నె అడుగున పసుపు రసం మిగులుతుంది. సింకులో పారబోయబోతే డోన్యా నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రసంలో చికెన్ ముక్కలు, కాస్త ఉప్పు, కాస్త నూనె వేసి గంట నానబెట్టి పెనం మీద కాల్చేది. తీపి ఉంటుంది కాబట్టి అంచులు తొందరగా మాడతాయి, మంట మధ్యస్థంగా పెట్టుకోండి.